చూసింది గీయడం, తెలిసింది గీయడం: ఉన్నత పాఠశాలల్లో చిత్రలేఖనం, డిజైన్ బోధన

(విజయవాడలో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న ప్రధానోపాధ్యాయులకు, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. గుంటూరు, పల్నాడు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కళ మనిషిని ఎంత ఉన్నతుణ్ణి చేస్తుందో చెప్పే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. వాటికి మరొకటి చేర్చడం నా ఉద్దేశం కాదు. ఎనిమిదో తరగతి గదిలో, బల్ల మీద పెట్టిన ఒక ఇత్తడి చెంబుతో మొదలుపెడతాను.

ఇంటి నుంచి తెచ్చిన ఆ చెంబును పిల్లల ముందు పెట్టి, కనిపించినది కనిపించినట్టు గీయమన్నాను. అరగంట తరువాత చేతికి వచ్చిన కాగితాలన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే తప్పు ఉంది. చెంబు మూతి పైనుంచి చూసినట్టు గుండ్రంగా ఉంది, అడుగు మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నని గీత. ముందు బెంచీలో ఉన్న అబ్బాయిని ఎందుకలా గీశావని అడిగితే, "అడుగు బల్ల మీద ఆని ఉంది కదా సార్, చదునుగా లేకపోతే ఎలా ఆనుతుంది?" అన్నాడు. ఆ జవాబులో చక్కని తర్కం ఉంది. చెంబు గురించి తనకు తెలిసినదాన్ని అతడు గీశాడు, కంటికి కనిపిస్తున్నదాన్ని ఇంకా చూడలేదు. నేను అతని కాగితం దిద్దలేదు. చెంబును చేత్తో పట్టుకుని అతని కంటి ఎత్తుకు తెచ్చాను. మూతి సన్నని అడ్డగీతగా మారిపోయింది. మెల్లగా కిందికి దించుతూ ఉంటే ఆ గీత విచ్చుకుని కోలగా అయింది, ఇంకా దించేసరికి దాదాపు గుండ్రమైంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "అయితే సార్, అడుగు మూతి కన్నా కిందుంది కాబట్టి అది ఇంకా ఎక్కువ వంగి కనబడాలి కదా" అంది. నేను పీరియడ్ చివర చెబుదామనుకున్న పాఠాన్ని ఆ అమ్మాయి తన కంటితోనే కనుక్కుంది. తరువాత అందరూ రెండోసారి గీశారు.

నా మొత్తం వాదం ఈ చిన్న సంఘటనలోనే ఉంది. హైస్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉండవలసింది ముందుగా చూడటం నేర్పడానికి, ఆ తరువాత చూసినదాన్ని బట్టి ఒక వస్తువు అలా ఎందుకు ఉందో ఆలోచించి, తాము చేయబోయేదాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకోవడం నేర్పడానికి. మొదటిది చిత్రలేఖనం, రెండోది డిజైన్. ఈ రెండూ పుట్టుకతో కొందరికే వచ్చే వరాలని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. లెక్కలు రాని పిల్లవాడికి ఇంకో రెండు గంటలు లెక్కలు చెబుతాం, బొమ్మ రాని పిల్లవాడికి మాత్రం "నీకు చెయ్యి తిరగదులే" అని చెప్పి వదిలేస్తాం.

ఈ పాఠం ఉన్నత పాఠశాలలోనే ఎందుకు ముఖ్యమో ఉపాధ్యాయులు గమనించాలి. ఐదో తరగతి దాకా పిల్లలు ఎవరూ అడగకుండానే గీస్తారు. రెండు కొండల మధ్య సూర్యుడు, ఒక ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరి చెట్టు, ముందు ఒక కాలువ, ఇవి గీసి సంతోషపడతారు. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి తాము గీసినది ఎదురుగా ఉన్నదానిలా లేదని వాళ్లకే తెలిసిపోతుంది. చూపు ఎదిగింది, చెయ్యి ఇంకా ఎదగలేదు. సరిగ్గా ఆ రెండేళ్లలో పక్కన నిలబడి నేర్పే మనిషి లేకపోతే, తనకు బొమ్మలు రావని పిల్లవాడు తీర్పు ఇచ్చేసుకుని పెన్సిలు పక్కన పెడతాడు. ఈ సభలో నల్లబల్ల మీద ఒక గ్లాసు బొమ్మ వేయడానికి జంకే సైన్సు ఉపాధ్యాయులు ఉంటే, వారు జంకడం మొదలైంది కూడా ఆ వయసులోనేనని నా నమ్మకం. ఆ లోటు సైన్సు ల్యాబులో బయటపడుతుంది. మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి గీయమంటే, చాలామంది పిల్లలు కటకంలోకి ఒకసారి తొంగి చూసి, పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మను రికార్డులో దించుతారు. చూడవలసిన వస్తువు ఎదురుగా ఉండగా పుస్తకాన్ని నమ్ముకునే అలవాటు అది.

ఇక పాఠశాలల్లో ఏం జరుగుతున్నదో నా అనుభవం నుంచి ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒకచోట జనవరి వచ్చేసరికి పదో తరగతి డ్రాయింగ్ పీరియడ్లన్నీ స్లిప్ టెస్టులకు పోయేవి. సభలకు బ్యానర్లు రాయడానికి, గోడల మీద సూక్తులు రాయడానికి నన్ను పిలిచేవారు. ఒక ఏడాది డ్రాయింగ్ గదిని స్టడీ అవర్ కోసం ఖాళీ చేయించి, పిల్లల బొమ్మల కట్టలను మెట్ల కింద పెట్టించారు. ఆ తరువాత వచ్చిన వానకు అవన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేను విడదీయబోతే రంగు పైకాగితంతో పాటు ఊడి వచ్చింది. రెండేళ్లుగా ఆ పిల్లలు వేసిన వాటర్ కలర్ బొమ్మలవి. లెక్కల పరీక్ష పత్రాలను ఎవరూ మెట్ల కింద పెట్టరు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మార్కులు లేని పనికి బీరువా కూడా దొరకదన్న సంగతి ప్రధానోపాధ్యాయులకు తెలియాలని చెబుతున్నాను.

చట్టాల్లో, విధానాల్లో మనకు మాటల కొరత లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న పాఠశాలలో పిల్లల సంఖ్య 100 దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్ టైమ్ బోధకులు ఉండాలి. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది కాబట్టి, తొమ్మిది, పది తరగతులకు ఆ మాత్రపు హామీ కూడా లేదు. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య, పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదన్నది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కళావిద్యను ఒక పాఠ్య విభాగంగానే లెక్కించింది. ఇవన్నీ మంచి మాటలు. అయితే గోడలు తీసేయమన్న మాటను కొన్ని పాఠశాలలు తమకు అనువుగా అర్థం చేసుకున్నాయి. అన్ని పాఠాల్లోనూ కళను కలుపుతున్నాం కాబట్టి వేరే డ్రాయింగ్ మాస్టారు ఎందుకని అడుగుతున్నాయి. సాంఘికశాస్త్రం పాఠానికి థర్మోకోల్ కోట ఒకటి చేయించి, దాన్ని కళతో కూడిన బోధన అంటున్నారు. ఆ కోటను చాలాసార్లు పిల్లవాడు చేయడు. వాళ్లమ్మ రాత్రి కూర్చుని చేస్తుంది, లేదా నాన్న దుకాణంలో తయారుగా ఉన్నది కొని తెస్తాడు. తెలుగు అన్ని పాఠాల్లోనూ ఉంది, అయినా తెలుగు పండితుడు వద్దని మనం అనలేదు. మిగతా పాఠాలతో కలిపి కళను నేర్పడం నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి, కాని కలపడానికి ముందు అది విడిగా వచ్చి ఉండాలి.

నిజంగా కలిపితే ఎలా ఉంటుందో ముగ్గుతో చెబుతాను. ఒకసారి లెక్కల మాస్టారూ నేనూ కలిసి తొమ్మిదో తరగతికి చుక్కల ముగ్గు పాఠం చెప్పాం. సంక్రాంతి నెలలో ప్రతి ఇంట్లోనూ వినబడే మాట అది: 15 చుక్కలు, సందు చుక్క, 8 దాకా. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ, కిందటి వరుస సందుల్లో పెడుతూ 8 వచ్చేదాకా పోవాలి. మొత్తం ఎన్ని చుక్కలని లెక్కల మాస్టారు అడిగారు. కొందరు వేలు పెట్టి లెక్కించారు, కొందరు 8 నుంచి 14 దాకా కూడి రెట్టింపు చేసి 15 కలిపారు. 169 వచ్చింది. అది 13 వర్గమని ఎవరో గుర్తుపట్టగానే తరగతిలో కలకలం పుట్టింది. చుట్టూ ఉన్న హద్దు గీస్తే ఆరు భుజాల ఆకారం వస్తుందని, దాన్ని 60 డిగ్రీలు తిప్పితే తన మీద తాను కూర్చుంటుందని ట్రేసింగ్ కాగితంతో తిప్పి చూసుకున్నారు.

ఇక్కడిదాకా లెక్కలు. నా పని ఆ తరువాత మొదలైంది. వీధి గుమ్మం ముందు 4 అడుగుల జాగా ఉంది, రెండే రంగులున్నాయి, అరగంటలో పూర్తి కావాలి, ఆ దారిన సైకిలు పోయినా ముగ్గు నడుమ చెదరకూడదు, మీరైతే ఏం ముగ్గు వేస్తారని అడిగాను. జాగా, ఖర్చు, గడువు, వాడేవారు, ఈ నాలుగూ మనసులో పెట్టుకుని గీయడాన్నే డిజైన్ అంటారని అప్పుడు చెప్పాను. ఆ రోజు బాగా ఆలోచించినవారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. తాము రోజూ ఇంటి ముందు చేసే పనికి బడిలో ఇంత గౌరవం ఉందని వాళ్లు ఊహించలేదు.

విజయవాడ, గుంటూరు నగరాల చుట్టూ ఉన్న చేతిపనులు ఈ పాఠానికి పెట్టని కొలువులు. మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసే నిజాం అంచు చీర ఉంది, పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీ ఉంది, మాచర్ల దగ్గర దుర్గిలో రాతి శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది. వీటిని సాధారణంగా సాంఘికశాస్త్రంలో "మన కళలు" అన్న పేరాగా చదివించి వదిలేస్తున్నాం. పేర్లు బట్టీ పడితే ఏం లాభం? వస్తువును చేతికివ్వాలి. నా దగ్గర చెయ్యి విరిగిన కొండపల్లి బొమ్మ ఒకటి ఉండేది, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడిది. చెక్కుచెదరని బొమ్మల కన్నా అదే నాకు ఎక్కువ పాఠాలకు పనికొచ్చింది. విరిగినచోట భూతద్దం పెట్టి చూస్తే, పైన రంగు, దాని కింద తెల్లని సుద్ద పూత, దాని కింద తేలికైన పొణికి కర్ర, భుజం అతుకు దగ్గర మక్కు కనిపిస్తాయి. రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి చేసేదే మక్కు. చేతులు విడిగా చెక్కి ఎందుకు అతికించారు, ఒకే కర్రలో మొత్తం ఎందుకు చెక్కలేదని పిల్లలను అడగాలి. కాసేపటికి జవాబులు వస్తాయి. చాచిన చెయ్యి కూడా అదే కర్రలో రావాలంటే పెద్ద దుంగ కావాలి, చుట్టూ ఉన్న కర్రంతా వృథా అవుతుంది. పైగా కర్ర నార నిలువుగా ఉంటే అడ్డంగా చాచిన సన్నని చెయ్యి పుటుక్కున విరుగుతుంది. అందుకే చేతికి కావలసిన దిక్కులో నార ఉన్న ముక్కను వేరుగా తీసుకుని అతికించాలి. ఆ బొమ్మ చేసిన కళాకారుడు అందం ఒక్కటే చూడలేదనీ, పదార్థం గుణం, పొదుపు, బలం అన్నీ తూచి నిర్ణయం తీసుకున్నాడనీ పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. తరువాతి వారం ఇంటిపనిగా, ఈ బొమ్మను బస్సులో హైదరాబాదు తీసుకుపోయినా చెయ్యి విరగకుండా ఒక అట్టపెట్టె తయారుచేయమన్నాను. వచ్చిన పెట్టెలను ఒక్కొక్కటిగా మేడ మెట్ల మీద నుంచి కిందికి దొర్లించి చూశాం. గడ్డి కుక్కినవారి బొమ్మ బాగానే ఉంది. బొమ్మ ఆకారానికి అట్టను కోసి గూడు చేసిన ఇద్దరు పిల్లలవి అంతకన్నా బాగున్నాయి, తూకంలో కూడా తేలిక.

చెంబు మాట మళ్లీ ఎత్తాలి. 1958లో భారత ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ల దంపతులు దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. ఈ దేశంలో తాము చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకీ వారు ఎత్తి చూపినది లోటాను, అంటే మన చెంబునే. అది ఎంత నీరు పట్టాలి, నడుము మీద ఎలా నిలవాలి, వంచితే నీరు ఎలా పడాలి, తోమడానికి చెయ్యి లోపలికి పోవాలా, ఇలాంటి ప్రశ్నలు ఎన్ని తరాలు వేసుకుంటే ఆ రూపం వచ్చిందో వారు ఆలోచించారు. ఆ నివేదిక దారి చూపగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. మన ఇళ్లలో మూలన ఉన్న వస్తువు నుంచి ఒక జాతీయ సంస్థ దాకా పోయిన దారి అది. ఆ దారి మన ఎనిమిదో తరగతి గదిలోంచి కూడా పోవాలని నా కోరిక.

డిజైన్ అంటే ఒకసారి గీసి ముగించేది కాదని చెప్పడానికి మనకు జాతీయ జెండా కన్నా మంచి ఉదాహరణ లేదు, అది ఈ నగరానిదే కూడా. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులకు తెలుపు కూడా చేర్చాలని గాంధీజీ సూచించారు, మధ్యకు రాట్నం వచ్చింది. 1931లో రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా కుదిరాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం వచ్చింది. ఈ మార్పుకు నెహ్రూ గారు సభలో చెప్పిన కారణాల్లో ఒకటి డిజైనర్లు చెప్పుకోదగినది. జెండా మీది గుర్తు రెండువైపుల నుంచీ ఒకేలా కనబడాలి, రాట్నం అయితే ఒకవైపు చక్రం, ఒకవైపు కదురు ఉండటం వల్ల వెనక నుంచి తిరగబడుతుంది. దీన్ని పిల్లలకు మాటలతో చెప్పనక్కరలేదు. పలుచని కాగితం మీద రాట్నం, చక్రం రెండూ గీయించి, కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెనక నుంచి చూడమంటే చాలు. ఏటా ఆగస్టులో మన పాఠశాలలన్నిటిలో జెండా బొమ్మ వేయిస్తున్నాం, రంగులు గీత దాటకుండా నింపినవారికి బహుమతి ఇస్తున్నాం. ఆ బొమ్మ అలా ఎందుకైందో మాత్రం చెప్పడం లేదు.

అమరావతి గురించి ఎంతసేపైనా మాట్లాడగలను, ఒక్క శిల్పంతో ఆపుతాను. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న అమరావతి గుండ్రని రాతి శిల్పం, నాళగిరి పతకం ఫొటోను ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతికి చూపించేవాడిని. ఏనుగులు ఎన్ని ఉన్నాయంటే అందరూ రెండు అంటారు. ఎడమవైపు జనాన్ని తొక్కుతూ వస్తున్న ఏనుగు, కుడివైపు బుద్ధుని పాదాల దగ్గర మోకరిల్లిన ఏనుగు. మదమెక్కిన నాళగిరి అనే ఏనుగు బుద్ధుని ముందు శాంతించిన కథ చెప్పాక మళ్లీ అడిగితే, ఒకటే ఏనుగు, రెండు క్షణాలు అంటారు. పైన కిటికీల్లోంచి చూస్తున్న మనుషులు రెండు క్షణాలకూ సాక్షులు. చట్రాలు విడగొట్టకుండా ఒకే గుండ్రని చోటులో కాలాన్ని నడిపించిన ఆ శిల్పి మన కృష్ణా తీరంలో దాదాపు 1800 ఏళ్ల కిందట పనిచేశాడు. మన పిల్లల్లో చాలామంది గుంటూరుకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆ ఊరి మ్యూజియం గడప కూడా తొక్కకుండానే పది పాసవుతున్నారు.

తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చే ప్రశ్న నాకు తెలుసు: బొమ్మలు కూడు పెడతాయా? ఈ ప్రశ్నను నేను తక్కువచేసి చూడను, అప్పు చేసి పిల్లలను చదివిస్తున్నవారు అడగవలసిన ప్రశ్నే అది. మన పక్కనే గుంటూరు జిల్లాలో, అహ్మదాబాదు సంస్థ పేరుతోనే, ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ 2015 నుంచి నడుస్తున్నది. విజయవాడలో 2008లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్రణాళిక, వాస్తుశిల్ప విద్యాసంస్థ ఉంది. డిజైన్ సంస్థ ప్రవేశ పరీక్షలోనూ, వాస్తుశిల్పానికి రాసే జేఈఈ మెయిన్ రెండో పేపరులోనూ గీసి చూపించవలసిన భాగాలుంటాయి. ఇంటర్ రెండో ఏడాది చివర ఈ సంగతి తెలిసి, రెండు నెలల్లో నేర్పమని నా ఇంటికి వచ్చే తల్లిదండ్రులున్నారు. తెలివైన పిల్లలే, కాని ఆరేళ్లపాటు పెన్సిలుతో ఏ వస్తువునూ చూడని చేతికి రెండు నెలల్లో ఎంతని నేర్పను? అయితే ఉద్యోగాల లెక్క ఒక్కటే నా సమాధానం కాదు. నా దగ్గర చదువుకున్నవారిలో ఎక్కువమంది చిత్రకారులు కాలేదు. ఒకాయన వడ్రంగి, ఒకామె నర్సు, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు. ఆ వడ్రంగి ఇప్పటికీ బీరువా చేసే ముందు మూడు కోణాల నుంచి గీసి ఇంటివారికి చూపిస్తాడు, అందుకే అతని దగ్గర బేరం చెడదు.

మార్కుల విషయంలో ఒక సూచన చేస్తాను. పూర్తయిన బొమ్మకు మాత్రమే మార్కులు వేస్తే పిల్లలు ఫోనులో దొరికిన బొమ్మను దించుతారు, పోటీల్లో మనం చూస్తున్నది అదే. న్యాయనిర్ణేతగా వెళ్లిన చోట ఒకే నెమలిని పదిమంది వేసిన కాగితాలు నా ముందుకు వచ్చాయి. అందుకని ఏడాదికి ఒక్క నోటు పుస్తకం పెట్టించి, అందులో మొదటి చిత్తు గీతలు, కొట్టివేతలు, మార్చిన కారణం రెండు వాక్యాల్లో, చివరి బొమ్మ, అన్నీ తేదీలతో ఉండేలా చూడాలి. సగానికి పైగా మార్కులు ఆ చిత్తు పేజీలకే ఉండాలి. రబ్బరు వాడకాన్ని నేను మొదటి టర్ము అంతా ఒప్పుకోను, తప్పు గీత పక్కనే ఒప్పు గీత కనబడితేనే నాకూ పిల్లవాడికీ దారి తెలుస్తుంది.

ప్రధానోపాధ్యాయులను నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ఆరు నుంచి పది దాకా ప్రతి తరగతికీ వారానికి రెండు పీరియడ్లు కలిపి ఒకేచోట ఇవ్వండి, 40 నిమిషాల్లో రంగులు తీసి కడిగి పెట్టేసరికే బెల్లు కొడుతుంది. పదో తరగతికి కూడా కనీసం డిసెంబరు దాకా ఆ పీరియడ్లను ముట్టుకోవద్దు. తాళం ఉన్న ఒక బీరువా ఇవ్వండి. చెంబు, రోలు, విరిగిన బొమ్మ, గుమ్మడికాయ, ఎండిన తాటాకు వంటి సామాను పిల్లలే ఇళ్ల నుంచి తెస్తారు. డ్రాయింగ్ పోస్టు ఖాళీగా ఉన్న చోట డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై టీటీసీ అనే ఉపాధ్యాయ శిక్షణ చేసిన యువతీయువకులు మన జిల్లాల్లో ఉన్నారు, వారిని వెతికి పిలవండి, బ్యానర్లు రాయించడానికి మాత్రం పిలవకండి.

వెనక బల్ల మీద నా పాత విద్యార్థుల నోటు పుస్తకాలు కొన్ని పెట్టాను. వానకు తడవకుండా మిగిలినవి ఇవే. పేర్లున్న అట్టలు తీసేశాను. పేజీ కింద ఉన్న తేదీలు చూసుకుంటూ తిరగేయండి. ప్రతి పుస్తకంలోనూ జూన్ నెలలో ఒక చెంబు ఉంటుంది, ఫిబ్రవరిలో మళ్లీ అదే చెంబు ఉంటుంది. అడుగు దగ్గర ఉన్న గీతను మాత్రం కాస్త ఆగి చూడండి.